మూడో సిలిండర్ల ఊపిరి

కోరుట్లల మెట్‌పల్లి తొవ్వ మీద ఉన్న రేకుల షెడ్డు ముంగట, అంగడి నాడు పొద్దుగాల్నే ఆడోళ్ళు వచ్చి కూసుంటరు. కూరగాయల సంచులు పక్కకు పెట్టుకుంటరు. కొందరు బీడీల చాట ఒళ్ళె పెట్టుకొని చుట్టుకుంటనే, షెడ్డు మెకానిక్ స్వరూప ఎప్పుడు పిలుస్తదా అని చూస్తుంటరు. స్వరూప తొందరపడది. కిరాయి డ్రైవర్ హన్మండ్లుది అంబాసిడర్ బానెట్ లేపి, ఇంజన్ చాలు చేసి, అది మంచిగ ఏడెక్కేదాక నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలవడ్తది. సల్లటి ఇంజన్‌కు కంప్రెషన్ చూస్తే అది నిజం చెప్పదని ఆమె తండ్రి నారాయణ నేర్పిండు. ఏడెక్కినంక బంద్ చేసి, కాయిల్ వైరు గుంజి పక్కకు పెడ్తది. నాలుగు ప్లగ్గులు పానాతోని ఇప్పి, ఏ సిలిండర్‌ది ఏదో తప్పిపోకుండ సిరిసిల్ల తువ్వాల మీద వరుసగ పేరుస్తది. అప్పుడు పిలుస్తది.

"రా కళావతక్కా. రేసు కింది దాక తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు."

కళావతి డ్రైవర్ సీట్ల కూసుండి సెల్ఫ్ కొడ్తది. ప్లగ్గులు లేని ఇంజన్ అందుకోదు, ఉత్తగ తిరుగుతది. ప్లగ్గులు తీసిన బొక్కలకెళ్ళి గాలి ఫస్సు ఫస్సుమని బయటికొస్తది. రెండో బొక్క మీద స్వరూప బొటనేలు అదిమి పెడ్తది. దుబాయిల ఉన్న కళావతి మొగని ఊపిరి ఆ ఏలిని పైకి నూకుతది.

"ఎట్లున్నడే?"

"ఎచ్చగున్నడు. జర తడి ఉన్నది, పడిశం పట్టినట్టున్నది."

"ఏసీల పండకుమంటే వినడు," అని తిట్టుకుంట దిగి, సంచి పట్టుకొని కళావతి అంగట్లకు పోతది. ఆమె ఎన్క ఇంకొకామె ఎక్కుతది.

ఆ సుట్టుపట్ల ఊర్లకెళ్ళి గల్ఫ్‌కు పోయేటోళ్ళను హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు తోల్కపోయేది ఎక్కువ శాతం ఆ కారే. సాగనంపేటోళ్ళు కొండగట్టు దాకనే వస్తరు. గుట్ట కింద కారాపి, అంజన్నకు కొబ్బరికాయ కొట్టి, అవ్వలు పెండ్లాలు అక్కడ్నే దిగిపోతరు. పోయే మనిషి ఒక్కడే మల్ల ఎక్కి, తలుపేసుకొని, ఒక్క ఊపిరి ఇడుస్తడు. ఆ ఊపిరి ఇంజన్ల ఏదో ఒక సిలిండర్ల కూసుంటది. తర్వాత ఇంటోళ్ళు ఎవలన్న సెల్ఫ్ కొడ్తే, ఆ మనిషి ఆ గడియకు ఎట్లున్నడో అట్లనే వస్తది. మంచిగుంటే ఎచ్చగ, మనసు బాగలేకుంటే బరువుగ. మనిషి సచ్చిపోతే మాత్రం బావిల గాలి తీరుగ సల్లగ వస్తది. ఎస్టీడీ బూతుల లైను దొరుకుతదో లేదో, జాబు ఎన్నడు వస్తదో ఎవలికి తెలుసు? కారైతే కోరుట్లలనే ఉన్నది.

నారాయణ ఎన్కట కల్లు గీసేటందుకు తాళ్ళెక్కేటోడు. ఒకపారి మోకు తెగి కిందపడి కాలిరిగినంక, ఇగ చెట్టు నాకొద్దని పానాలు పట్టిండు. మొగపిల్లలు లేరు. స్వరూపకే అన్నీ నేర్పిండు. ఆయన పోయినంక షెడ్డు ఆమెదైంది. మొదట్ల "ఆడమనిషి ఇంజన్ ఊడదీసుడేంది" అన్నోళ్ళే ఇప్పుడు కారు తెచ్చి ఇచ్చి చాయ్ తాగొస్తమని పోతరు. ఆమె మొగడు మహేందర్ మస్కట్‌ల ఉంటడు. ఆయనది మొదటి సిలిండర్. తన వంతు వచ్చినప్పుడు స్వరూప సెల్ఫ్ కొడ్తది, హన్మండ్లు బొటనేలు పెడ్తడు. "అల్లుడు గీ పొద్దు బిర్యాని తిన్నడు బిడ్డా," అంటడు. నిజమో కాదో ఆయనకే తెలువాలె.

కారు ముసల్దయింది. ఎన్క పొగ నీలంగ వస్తున్నది, ఆయిలు తాగుతున్నది. "కాకా, మూడో సిలిండర్ల రింగులు అరిగినయి. ఇంజన్ దించాలె," అని స్వరూప చెప్తనే ఉన్నది. "సీజన్ అయిపోనియ్యి," అని హన్మండ్లు దాటేస్తనే ఉన్నడు.

మూడో సిలిండర్ల ఊపిరున్నోళ్ళల్ల వీరేందర్ ఒకడు. సారంగాపూర్ అవతలి పల్లె ఆయనది. రెండేండ్లు వరుసగ బోర్లు ఎండిపోతే సౌదీకి పోయి పెద్ద బిల్డింగుల మీద సెంట్రింగ్ పని చేస్తుండె. ఆయన పెండ్లాం శోభ ఎప్పుడు వచ్చినా అందరి తర్వాత కూసుంటది. ఎక్కువ మాట్లాడది. ఊపిరి ఎచ్చగున్నదని చెప్తే తల ఊపి, బస్సు టైమైందని పోతది.

బతుకమ్మ ముంగట ఒక పొద్దుగాల హన్మండ్లు షెడ్డుకు వచ్చి చాయ్ సుత అడగకుండ కుర్చీల కూలబడ్డడు.

"వీరేందర్ పోయిండట," అన్నడు. "పని కాడ మీదికెళ్ళి పడ్డడట. శవం పెట్టె నిన్ననే ఎయిర్‌పోర్టుకు అచ్చింది. ఇప్పుడు ఇంటికి చేరి ఉంటది."

స్వరూప చేతుల పానా కింద పెట్టింది. "శోభ?"

"గామెనే సర్పంచ్ ఇంటికెళ్ళి బూతుకు ఫోన్ చేయించింది. కారు అచ్చేదాక గాజుల మీద చెయ్యి ఎయ్యనియ్యదట. అంత మంది మీద ఒక్కతే కొట్లాడుతున్నదట." హన్మండ్లు రుమాలుతోని మొఖం తుడుసుకున్నడు. "పెట్టె అచ్చినంక ఇంకేం చూస్తం బిడ్డా? పోయి ఆమె దుఃఖం పెంచుడే కదా."

"ఆమె పిలిచింది కాకా. పోదాం. ఉన్నది ఉన్నట్టు చెప్దాం."

ప్లగ్గు పానా, కంప్రెషన్ గేజి, ఆయిలు డబ్బా సంచిల ఏసుకొని స్వరూప ముంగటి సీట్ల కూసున్నది. జగిత్యాల దాటిన్రు. సారంగాపూర్ తొవ్వల మక్క చేన్లు ఇరువంకల ఎత్తుగ నిలవడ్డయి. ఇంజన్ ఎక్కడ జర ఎక్కువ తక్కువ పలికినా స్వరూప చెవి అక్కడికే పోతున్నది. మూడోది బలహీనంగనే కొట్టుకుంటున్నది. కారు ఎక్కడ ఆగకపోతే చాలనుకున్నది.

వీరేందర్ ఇంటి వాకిట్ల టెంటేసిన్రు. రెండు బల్లలు కలిపి, వాటి మీద తెల్లటి చెక్కపెట్టె పెట్టిన్రు. దాని మీద అతికించిన కాయితం మీద ఇంగ్లీషుల వీరేందర్ పేరు, ఇంటిపేరు ఉన్నయి. పెట్టె మీద తలపెట్టి వీరేందర్ తల్లి కొమురమ్మ పడి ఉన్నది. ఏడ్చి ఏడ్చి గొంతుల సప్పుడు లేదు. డప్పులోళ్ళు చెట్టు కింద మంట పెట్టి డప్పులు కాపుకుంటున్రు. శోభను పీట మీద కూసుండబెట్టి, పసుపు రాసి, బొట్టు పెద్దగ పెట్టి, చేతుల నిండ గాజులేసిన్రు. తీసేటందుకే ఏసిన గాజులు. ఆమె రెండు చేతులు కడుపుల దాసుకొని వంగి కూసున్నది.

కారు చూడంగనే లేచి ఉరికి వచ్చింది. "అక్కా, చూడు. నువ్వు సల్లగున్నదంటే ఇగ నేనే పలగ్గొట్టుకుంట."

వీరేందర్ పెదనాయిన మొండయ్య అడ్డం వచ్చిండు. ఆయనకు కోపం లేదు, అలసట ఉన్నది. "బిడ్డా, నీ కారు సంగతి మాకెరికే. నేను సుత నా కొడుకు ఊపిరి చూపిచ్చుకున్న. గని పేరుతోని పెట్టె ఇంటికచ్చింది. ఎండ ముదురుతున్నది. పోయినోన్ని ఎంతసేపు వాకిట్ల ఉంచుతం?"

"జర సేపు పెద్దబాపూ. నేను సుత ఆలస్యం చెయ్య."

తొవ్వ పొడుగూత నడిచి ఇంజన్ కాగుతనే ఉన్నది. స్వరూప తువ్వాల చేతికి చుట్టుకొని ప్లగ్గులు ఒక్కొక్కటి ఇప్పింది. శోభ డ్రైవర్ సీట్ల కూసున్నది. వాకిట్ల మంది కారు సుట్టు మూగిన్రు. కొమురమ్మ ఒక్కతే పెట్టెను ఇడిసిపెట్టలే.

"కొట్టు," అన్నది స్వరూప.

ఇంజన్ తిరిగింది. మూడో బొక్క మీద ఆమె బొటనేలు గట్టిగ అదిమింది. ఏం రాలే. ఏలు కింద ఏదో కదిలినట్టయింది, అంతే. ఎచ్చగ లేదు, సల్లగ లేదు. ఊది ఊదనట్టు ఉన్నది. శోభ అద్దంలకెళ్ళి స్వరూప మొఖమే చూస్తున్నది. స్వరూప ఏమనలే. ఆ ఏమనకపోవుడు చూసి ఆడోళ్ళు శోకం ఎత్తుకున్నరు. చెట్టు కింద డప్పు మీద దెబ్బ పడ్డది.

"చూసినవు కద బిడ్డా," అన్నడు మొండయ్య మెల్లగ. "ఇగ కానియ్యిండ్రి."

"కాలేదు. ఆగుండ్రి." స్వరూప గొంతు పెద్దగ లేకున్నా డప్పు దాటి వినవడ్డది. "సల్లగ అచ్చి ఉంటే నేనే చెప్తుంటి పెద్దబాపూ. సల్లగ రాలే. అసలు ఊపిరే రాలే. రాకపోవుడు ఏరు, సల్లగచ్చుడు ఏరు."

సంచిలకెళ్ళి గేజి తీసి మొదటి బొక్కల బిగించింది. శోభ సెల్ఫ్ కొట్టింది. ముల్లు నూట ఇరవై దాటి నిలవడ్డది. రెండో దాంట్లె, నాలుగో దాంట్లె సుత అంతే. మూడో దాంట్లె అరవై కాడనే ఆగిపోయింది. స్వరూప గేజిని మొండయ్య కండ్ల ముంగట పట్టింది.

"పిస్టన్ సుట్టు రింగులుంటయి. అవి అరిగినయి. దీంట్ల ఎవలి ఊపిరున్నా మీదికి రాదు, సందులకెళ్ళి కిందికి జారిపోతది. ఇది బండి రోగం. మనిషిది మనకింక తెలువలే."

"తెలిసేదెట్ల?"

"జర నూనె పోస్తే రింగుల సందు మూసుకుంటది. కొద్దిసేపు గట్టిగుంటది. గప్పుడు అచ్చే ఊపిరి అబద్ధం చెప్పది. అది సల్లగుంటే, నేను బండి తీస్కొని పోత. నిన్ను ఇంకో మాట అడుగ."

మొండయ్య పెట్టె దిక్కు చూసిండు, శోభ దిక్కు చూసిండు. డప్పులోళ్ళకు చెయ్యి అడ్డం పెట్టిండు.

స్వరూప ఆయిలు డబ్బా మూతి మూడో బొక్కల పెట్టి కొద్దిగంత పోసింది. నూనె సుట్టూత పారేటందుకు ఇంజన్‌ను రెండు తిప్పులు తిప్పిచ్చింది. గేజి బిగించి చూస్తే ముల్లు నూరు దాటింది. ఇప్పింది. బొటనేలు తుడుసుకొని బొక్క మీద పెట్టింది. హన్మండ్లు కండ్లు మూసుకున్నడు.

"కొట్టు శోభా."

ఏలు ఎగిరి పడ్డది. మల్ల పెట్టింది, మల్ల నూకింది. ఎచ్చగ గాదు, కాలుతున్నది. జరమొచ్చినోని ఊపిరి. నూనె వాసన ఎన్క దవాఖాన వాసన ఉన్నది, ఫినాయిలుది, మందులది.

"ఉన్నడు," అన్నది స్వరూప. "దవాఖానల ఉన్నడు. జరం మీద ఉన్నడు. గని ఉన్నడు."

శోభ సెల్ఫ్ ఇడిసిపెట్టలే. బ్యాటరీ దిగిపోతదని హన్మండ్లు అంటున్నా ఆమెకు వినవడలే. స్వరూప పెట్టె కాడికి పోయి కొమురమ్మను లేపి, నడుము పట్టుకొని తీస్కొచ్చి, ముసలామె అరచెయ్యిని మూడో బొక్క మీద పెట్టింది. కొమురమ్మకు పోయిన గొంతుల సప్పుడు వచ్చింది.

"నా కొడుకుదే. చిన్నప్పుడు జరమొస్తే గిట్లనే బుస్సుమని ఇడిసేటోడు. నా రొమ్ము మీద పడుకొని గిట్లనే ఇడిసేటోడు బావా."

మొండయ్య రెప్ప కొట్టకుండ ఆమెను చూసిండు. పెట్టె ఇప్పొద్దని, శవం చానా దినాలదని ఎయిర్‌పోర్టుల చెప్పి పంపిండ్రు. ఆయనకు అది యాదికచ్చింది. అటెన్క తలపాగ ఇప్పి భుజం మీద ఏసుకున్నడు.

"సుత్తె తెండ్రి. నేనే ఇప్పుత. తప్పైతే నా మీదనే."

మొలలు ఒక్కొక్కటి కిర్రుమనుకుంట లేచినయి. ఆడోళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నరు. మూత పక్కకు జరిపినంక మొండయ్య వంగి చూసి, తల్లినే చూడుమని జరిగిండు. కొమురమ్మ చూసింది.

"ఈ పిల్లగాడు నా కొడుకు గాదు."

పెట్టెలున్నోడు వీరేందర్ ఈడోడే. మీసాలు లేవు, రంగు తక్కువ. ముంజేతి మీద పచ్చబొట్టుతోని హిందీ అక్షరాలున్నయి. బొంబాయిల పని చేసి వచ్చినాయన ఒకడు ముంగటికి వచ్చి కూడబలుక్కొని చదివిండు. రాంకిషన్.

వాకిలంత ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. ఎవలో నవ్విన్రు, ఎవలో శోభను కౌగిలించుకున్నరు. ఒక పిల్లగాడు డప్పు మీద పెండ్లి దెబ్బ ఏసిండు. కొమురమ్మ గిర్రున తిరిగింది.

"సిగ్గులేదా? ఎవలి కొడుకో వాకిట్ల పండి ఉన్నడు!"

డప్పు ఆగింది. ముసలామె కొంగు కొస నీళ్ళల్ల తడిపి ఆ పిల్లగాని మొఖం తుడిచింది. నొసటి మీది ఎంటికలు ఎన్కకు దువ్వింది. కొడుకు కోసమని తెచ్చిన బంతిపూలు ఆయన మీదనే సదిరింది. పెట్టె పక్కన కూసుండి మల్ల ఏడుపు తీసింది. ఆమె ఏడుస్తుంటే మిగతా ఆడోళ్ళకు ఆగలే. శోభ సుత చేతుల నిండ గాజులతోని వచ్చి అత్త పక్కన కూసుండి ఏడ్చింది. స్వరూప ప్లగ్గులు బిగించుకుంట అదంత విన్నది. గంతమంది ఏడ్చుడు ఆమె తండ్రి పోయిననాడు సుత వినలే.

మొండయ్య పోలీస్ స్టేషన్‌ల చెప్పి, పెట్టెను కరీంనగర్ దవాఖానల శవాల గదికి పంపిచ్చిండు. ఫోన్లు పోయినయి, కాయితాలు పోయినయి. కొన్నాళ్ళకు సంగతి తెలిసింది. ఒక్క పరంజా మీదికెళ్ళే ఇద్దరు పడ్డరు. ఒకడు అక్కడ్నే పోయిండు, ఒకడు సోయి లేకుండ దవాఖానల పడ్డడు. పాసుపోర్టులు కంపెనీ కాడ ఒక్క తాన ఉండంగ పేర్లు తారుమారైనయి. సోయి వచ్చినంక తన పేరు వీరేందర్ అని ఆయన ఎంత మొత్తుకున్నా, వీరేందర్ పోయిండు కదా అన్నరట అక్కడోళ్ళు. ఇక్కడ పెట్టె ఇప్పకపోయి ఉంటే ఆయన పేరు మీద ఇంకొకడు బూడిదైపోతుండె. ఆయన ఎవలికీ కానోడైపోతుండె.

వీరేందర్‌ను ఇంటికి పంపుతున్నరని తెల్వంగనే స్వరూప హన్మండ్లును ఇగ అడుగలే, ఇంజన్ దించింది. రింగులు మార్చుతుంటే అంగడి ఆడోళ్ళు భయపడి వచ్చిన్రు. పాత రింగులతోని మా మొగోళ్ళ ఊపిరి పోతదేమో అన్నరు.

"ఊపిరి రింగులల్ల ఉండది," అన్నది స్వరూప, పిస్టన్ తుడుసుకుంట. "రింగులు దాన్ని పట్టుకుంటయి, అంతే. ఇప్పుడు ఇంకా మంచిగ పట్టుకుంటయి."

ఇంజన్ కూసుండబెట్టి చూస్తే నాలుగు సిలిండర్లల్ల ముల్లు ఒక్క తాన్నే నిలవడ్డది. హైదరాబాద్ ప్రయాణానికి శోభ రమ్మంటే స్వరూప సుత ఎక్కింది.

ఎయిర్‌పోర్టు బయట వీరేందర్ చంక కట్టె ఊతంతోని వచ్చిండు. సగానికి తగ్గిండు. శోభ ఆయన చేతి సంచి తీసుకున్నది, మొఖం చూసింది, కారు తలుపు తీసింది. ఆయన ఎక్కి కూసున్నంక ఆయన మోకాలు మీద చెయ్యి ఏసింది. ఆ చెయ్యి మల్ల తియ్యలే. సిద్దిపేట దాటేదాక ఆయన కిటికీలకెళ్ళి పొలాలు చూసుకుంట కూసున్నడు. అటెన్క అడిగిండు.

"పెట్టెల అచ్చినోడు ఏడున్నడు?"

"కరీంనగర్ దవాఖానల," అన్నడు హన్మండ్లు. "మొండయ్య వారం వారం పోయి అడుగుతున్నడు. వాళ్ళోళ్ళు ఎవలన్నా వస్తరేమోనని చూస్తున్రు."

"రారు కాకా. రాంకిషన్‌కు ఎవ్వలు లేరు. అవ్వ అయ్య చిన్నప్పుడే పోయిన్రట. బీహార్‌ల ఏ ఊరో వానికే మంచిగ ఎరుక లేదు. నేను ఫోన్ చేసి అచ్చిన ప్రతిసారి, మీ అమ్మ ఏం వండిందట అని అడిగేటోడు." వీరేందర్ చంక కట్టెను ఒళ్ళెకు గుంజుకున్నడు. "మీదికెళ్ళి పడ్డప్పుడు ఇద్దరం పక్కపక్కనే ఉన్నం. వానికి ఇంకా మాట ఉన్నది. నువ్వు పోతే నీకోసం ఏడ్చేటోళ్ళు ఉన్నరు వీరూ, నాకు గా మనిషి సుత లేడు అన్నడు. గంతే, ఇగ మాట్లాడలే."

కారెక్కినంక శోభ మొదటిసారి ఆయన దిక్కు తిరిగింది.

"ఏడ్చినం," అన్నది. "అత్తమ్మ తలకాయ పెట్టెకు కొట్టుకొని ఏడ్చింది. ఊరంత ఏడ్చింది. నువ్వు కాదని తెలిసినంక సుత ఏడ్చినం. అప్పుడు వానికే ఏడ్చినం. అత్తమ్మ మొఖం తుడిచి పూలేసింది."

వీరేందర్ ముంగటి సీటు వెనకభాగానికి నొసలు ఆనిచ్చిండు. భుజాలు ఎగిరెగిరి పడ్డయి. ఎవలూ ఆపలే. హన్మండ్లు బండి మెల్లగ తోలిండు. మానేరు వంతెన దాటి కరీంనగర్‌ల పడ్డంక, జగిత్యాల తొవ్వ పట్టకుండ ఎవలినీ అడగకుండ స్టీరింగ్ దవాఖాన దిక్కు తిప్పిండు. స్వరూప దిగి, తలుపు తీసి, వీరేందర్‌కు చంక కట్టె అందిచ్చింది.

లోపల కిటికీ కాడ కూసున్నాయన తల ఎత్తకుండనే అడిగిండు. "రాంకిషన్ అంటున్నరు. మీకేమైతడు?"

"అన్న అయితడు," అన్నడు వీరేందర్.

"ఆయన పూర్తి పేరు చెప్పుండ్రి. ఇంటిపేరేంది?"

వీరేందర్ కట్టె గోడకానిచ్చి, రెండు చేతులు కిటికీ మీద పెట్టి, రాంకిషన్‌కు తన ఇంటిపేరే చెప్పిండు.